ఊఁ కొట్టే తాతగారు: బరంపురం పట్టు దుకాణంలోని కదిలే ప్రతిమపై ఒక కేస్ స్టడీ

ఒడిశాలోని బరంపురం పెద్ద బజారులో మూడు తరాలుగా పట్టుచీరలు నేయిస్తూ అమ్ముతూ వస్తున్న ఒక తెలుగు కుటుంబం, కాలం చేసిన తమ పెద్దాయన పోలికతో మనిషంత కదిలే ప్రతిమ చేసిపెట్టమని నన్ను అడిగింది. అది గుమ్మంలో నిలబడి వచ్చినవారికి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాలి, తెలుగులోను ఒడియాలోను హిందీలోను పలకరించాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. 11 నెలల తరువాత నేను అప్పజెప్పినది కూర్చున్న మనిషిని. ఆయన నమస్కారం పెట్టడు, ఒక్క మాటా మాట్లాడడు, ముందున్న బల్ల మీద పరిచిన చీర అంచును చూస్తూ ఉంటాడు, ఎవరైనా దగ్గరకు వచ్చి మాట్లాడితే ఊఁ కొడతాడు. అడిగినదానికీ ఇచ్చినదానికీ మధ్య ఏ నిర్ణయం ఏ కారణంగా మారిందో రాసిపెడితే, నాలాగే సొంత షెడ్డులో మనిషి పోలిక బొమ్మలు చేసేవారికి కొంత డబ్బూ, చర్మం కోసం పోసే రబ్బరులాంటి సిలికోనూ కొంత మిగులుతాయని ఈ వివరం రాస్తున్నాను. కుటుంబం రాయడానికి ఒప్పుకుంది, పేర్లు మాత్రం వద్దంది.

నేను రోబోటిక్స్ చదువుకున్నవాణ్ణి కాదు. మోటారు వైండింగు, స్టెబిలైజర్ల మరమ్మతులతో మొదలుపెట్టి, దసరా పందిళ్లలో తల ఊపే మహిషాసురుణ్ణి, చెయ్యెత్తే దుర్గను వైపర్ మోటార్లతో కదిలించే పనిలోకి వచ్చాను. ఈ ఊరికి బొమ్మల మోజు కొత్తది కాదు. రెండేళ్లకొకసారి చైత్రంలో జరిగే ఠాకురాణి యాత్రలో మనుషులు రకరకాల వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు, పురాణ ఘట్టాల బొమ్మలతో రథాలు వెలుస్తాయి. ప్రభుత్వ ఐటీఐ ఆవరణలో తుక్కు ఇనుముతో చేసిన బొమ్మలను చూడడానికే జనం వస్తారు. అయితే పందిట్లో బొమ్మను 20 అడుగుల దూరం నుంచి చూస్తారు, దుకాణంలో ముఖంలో ముఖం పెట్టి చూస్తారు. ఆ దూరం తేడాయే నా లెక్కలన్నీ తారుమారు చేస్తుందని పని ఒప్పుకున్న రోజు నాకు తెలియదు.

యజమానికి ఈ ఆలోచన రావడానికి కారణం ఒక వీడియో. 2020లో కర్ణాటకలోని కొప్పళలో ఒక వ్యాపారి తన గృహప్రవేశం నాడు, అంతకు ముందే చనిపోయిన భార్య పోలికతో చేయించిన సిలికోన్ ప్రతిమను సోఫాలో కూర్చోబెట్టిన సంగతి దేశమంతా చూసింది. దుకాణం యజమాని, అంటే పెద్దాయన కొడుకు, తన ఫోనులో అది చూపించి, “అన్నయ్యా, అది కదలదు. మన నాన్నగారు కదలాలి” అన్నారు. అంత తేలికగా అన్న ఆ ఒక్క మాట వెనక ఎంత పని ఉందో ఆయనకు తెలియదు; నాకు కూడా సగమే తెలుసు.

మునుపటివారి దారి

పెద్ద సంస్థల అండ లేకుండా మనిషి పోలిక రోబోలు చేసినవారి పనిని ముందుగా తిరగేశాను. హాంకాంగ్‌కు చెందిన డిజైనరు రికీ మా 2016లో ఒక హాలీవుడ్ నటి పోలికతో ‘మార్క్ 1’ను బయటపెట్టాడు. ఏడాదిన్నర శ్రమ, 50,000 డాలర్లకు పైగా ఖర్చు పెట్టిన ఆ బొమ్మలో సుమారు 70 శాతం త్రీడీ ప్రింటర్ మీద అచ్చయిన భాగాలే. రాంచీలో రంజిత్ శ్రీవాస్తవ 2018లో చూపించిన ‘రష్మి’ హిందీ, భోజ్‌పురి, మరాఠీ, ఇంగ్లీషు మాట్లాడింది. ముంబయి ఐఐటీ ఆవరణలోని కేంద్రీయ విద్యాలయ ఉపాధ్యాయుడు దినేశ్ పటేల్ చేసిన ‘షాలూ’ 9 భారతీయ భాషలు, 38 విదేశీ భాషలు పలుకుతుంది. దాని ముఖం ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చు నుంచి వచ్చింది, ఒంట్లో అట్ట, చెక్క, అల్యూమినియం ఉన్నాయి. ఈ చివరి రెండింటికీ ఖర్చు తలా 50,000 రూపాయల ప్రాంతంలోనే అయింది. జీతం రాళ్లతో ఆ పని చేసినవారిని చూసి నాకు ధైర్యం వచ్చిందని ఒప్పుకోవాలి. ఫ్రెంచి శిల్పి గేల్ లాంజ్‌వాన్ 2012 నుంచి ‘ఇన్‌మూవ్’ నమూనాలను ఎవరైనా దించుకుని అచ్చేసుకునేలా ఉచితంగా పెడుతున్నాడు; వేళ్లను చేపలు పట్టే దారంతో లాగే పద్ధతి ఆయన నుంచే తీసుకున్నాను. కళ్ల యంత్రానికి బ్రిటన్‌కు చెందిన విల్ కాగ్లీ అందరికీ ఇచ్చిన నమూనాను మార్చుకున్నాను.

వార్తల్లో ఈ బొమ్మల గురించి చెప్పుకున్నదంతా ముఖం ఎంత పోలింది, ఎన్ని భాషలు వచ్చు అన్న రెండు సంగతులే. నేను కూడా అదే దారి పట్టి, మొదటి 5 నెలల డబ్బంతా చర్మానికీ నోటికీ పోశాను. కళ్లను ఆఖరి వారంలో బిగించాను. వరుస తిరగవేసి ఉంటే ఈ కథ పొట్టిగా ఉండేది.

ముఖం

పెద్దాయనవి దొరికిన ఫోటోలు 3. ఒకటి స్టూడియోలో దిగినది, ఒకటి మనవరాలి పెళ్లిలోది, మూడవది గుర్తింపు కార్డుది. వీటితో కంప్యూటరులో ముఖం ఘనరూపం కట్టడం కుదరదు కనుక, యాత్ర రథాలకు బొమ్మలు చేసే ఒక మట్టిపనివాణ్ణి బతిమాలి తల చేయించాను. ముఖం అద్భుతంగా వచ్చింది, కానీ ఆరేకొద్దీ కంటి కొసల్లో, నోటి పక్కన సన్నని ముడతలు పగుళ్లయ్యాయి. ఆ చోట్లను నేను నూనె కలిసిన మోడలింగ్ మట్టితో సరిచేసి, దాని మీద ప్లాస్టర్ అచ్చు తీసి, అందులో ప్లాటినంతో గట్టిపడే మెత్తని సిలికోన్ పోశాను. డబ్బా మీద కలిపిన తరువాత 45 నిమిషాల వ్యవధి ఉంటుందని రాసి ఉంది. వైశాఖంలో రేకుల షెడ్డు కింద అది అంతకు చాలా ముందే చిక్కబడింది, అది వేరే పాఠం. మర్నాడు అచ్చు విప్పితే నుదురు, చెంపలు చక్కగా ఉన్నాయి. కంటి కొసలు, నోటి పక్కన మాత్రం పాకంలా జిగటగా మిగిలాయి.

కారణం గంధకం. చాలా రకాల మోడలింగ్ మట్టిలో గంధకం ఉంటుంది, అది ప్లాటినం ఉత్ప్రేరకాన్ని పనిచేయనివ్వదు. నేను తొడుక్కున్న రబ్బరు గ్లవ్స్ కూడా అదే చేటు చేస్తాయి. అచ్చులో ఎక్కడెక్కడ ఆ మట్టి అంటుకుందో సరిగ్గా అక్కడే సిలికోన్ గట్టిపడలేదు. 2 కిలోల సరుకు పోయింది. రెండవసారి గంధకం లేని మట్టి వాడి, ప్లాస్టరుకు అక్రిలిక్ లక్క మూడు పూతలు వేసి, నైట్రైల్ గ్లవ్స్ తొడుక్కున్నాను. ఎంత అనుభవం ఉన్నా సరే, అరచేతి వెడల్పు ముక్క పోసి చూడకుండా ముఖం పోయకూడదు.

రంగు గురించి ఒక్క మాట. గట్టిపడిన సిలికోన్‌కు సిలికోన్ తప్ప మరేదీ అంటుకోదు, కాబట్టి వన్నెలన్నీ సిలికోన్‌లోనే కలిపి అద్దాలి. కనుబొమల వెంట్రుకలను సూదితో ఒక్కొక్కటిగా నాటడానికి 4 రోజులు పట్టింది. పెద్దాయనకు పై పెదవిని పూర్తిగా కప్పే తెల్లని మీసం ఉండడం నా అదృష్టమని అప్పుడు గ్రహించలేదు.

నమస్కారం ఎందుకు పోయింది

చేతులెత్తి నమస్కారం పెట్టించడం కుదరదని ఒక కాగితం మీద రెండు నిమిషాల్లో తేలవలసిన సంగతి. నేను 6 వారాలు తీసుకున్నాను. నేను కొన్న ఎంజీ996ఆర్ సర్వో మోటారు (సర్వో అంటే చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటారు) 6 వోల్టుల వద్ద సుమారు 11 కిలో-సెంటీమీటర్ల బలం ఇస్తుంది, అంటే ఇరుసుకు ఒక సెంటీమీటరు దూరాన 11 కిలోలు మోయగలదు. మోచేతి నుంచి వేలి కొస దాకా ప్లాస్టిక్ ఎముక, సిలికోన్ తొడుగు, దారాలు కలిసి 750 గ్రాములు తూగాయి, ఆ బరువు కేంద్రం మోచేతికి 18 సెంటీమీటర్ల దూరాన ఉంది. రెండూ గుణిస్తే 13.5 కిలో-సెంటీమీటర్లు. మోటారు ఎత్తగలిగినదానికంటే చెయ్యే బరువు. మొదటి రోజు పళ్లు కొరుక్కుంటూ ఎత్తబోయింది, మూడవ రోజు మాడిన వాసన వచ్చింది. వైపర్ మోటారు పెడితే బలం సరిపోతుంది, అయితే దాని రొద పందిట్లో డప్పుల మధ్య వినపడదు గాని, నిశ్శబ్దంగా ఉన్న పట్టు దుకాణంలో గ్రైండరు తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. చేతుల బరువు తనంతట తాను దేనిమీదనో ఆనుకోవాలి అన్న నిర్ణయం అక్కడ పుట్టింది. బొమ్మ కూర్చుంది, ముందుకు బల్ల వచ్చింది.

తల లోపలి చట్రం కూడా ఒకసారి మార్చవలసి వచ్చింది. మొదట అచ్చేసినది పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండకు కాగిన రేకుల కింద, మోటార్ల వేడి తోడై, దవడ పట్టీ వంగిపోయింది. పీఈటీజీ అనే మరో ప్లాస్టిక్‌కు మారాను, అది 80 డిగ్రీల దాకా నిలుస్తుంది.

నోరు

దవడకు ఒకటి, పెదవి కొసలకు రెండు సర్వోలు పెట్టి, స్పీకరులో వచ్చే శబ్దం పెరిగినప్పుడల్లా నోరు తెరుచుకునేలా చేశాను. ఇంగ్లీషు నమూనాల్లో ఇది నడిచినట్టే కనిపించింది. తెలుగులో పలికించిన మొదటి వాక్యం “నమస్కారమమ్మా, రండి”. అందులో ‘మ’ మూడు చోట్ల వస్తుంది, మూడు చోట్లా పెదవులు కలవాలి. మన బొమ్మ మాత్రం గొంతు ‘మ్మా’ అంటున్న సమయానికి నోరు బార్లా తెరిచి ఉంది. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు కలవకపోతే చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో తేడా ఉందని తెలుస్తుంది. డబ్బింగ్ సినిమాలు చూస్తూ పెరిగిన మనకు ఆ తేడా ఇంకా తొందరగా తెలుస్తుంది. శబ్దం పెదవుల కదలిక కంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందు వచ్చినా, 125 మిల్లీసెకన్లు ఆలస్యమైనా ప్రేక్షకుడు పట్టేస్తాడని టీవీ ప్రసారాల అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. నా వ్యవస్థలో ప్రశ్న విని, నెట్ ద్వారా జవాబు తెచ్చి పలకడానికే 3 సెకన్లు పట్టేది.

గొంతు సంగతి మరీ చిక్కు. కంప్యూటరు పలికే తెలుగు వార్తలు చదువుతున్నట్టుంటుంది, పెద్దాయనది ఒడియా పలుకుబడి కలిసిన బరంపురం తెలుగు. పెళ్లి క్యాసెట్టులో ఆయన గొంతు 40 సెకన్లు ఉందనీ, దాని నుంచి గొంతు తయారు చేయించవచ్చనీ కొడుకు అన్నారు. పెద్దాయన భార్య, ఇంటిల్లిపాదీ మామ్మగారని పిలిచే ఆవిడ, ఒప్పుకోలేదు. “ఆయన బతికుండగా ఎవరికీ ధర తగ్గించి చెప్పలేదు నాయనా. చచ్చాక చెప్పిస్తారేటి?” అన్నారు. నాకు ఆ అభ్యంతరం సబబుగా తోచింది. చనిపోయిన మనిషి నోట అనని మాట పెట్టే పని ఎవరు అడిగినా చేయనని నేను ఆ రోజు నుంచి ఒప్పందం కాగితంలోనే రాస్తున్నాను.

“ఈయన నన్ను చూడ్డం లేదు”

యాత్రకు నెలన్నర ముందు మామ్మగారిని షెడ్డుకు తీసుకొచ్చారు. ముఖం పోలిక చూసి మనవలు కళ్లు తుడుచుకున్నారు. ఆవిడ మాత్రం బొమ్మకు ఒక గజం దూరంలో నిలబడి, కుడికీ ఎడమకూ కదిలి చూసి, “నాయనా, ఈయన నన్ను చూడ్డం లేదు. నా ఎనకాల ఎవర్నో చూస్తన్నాడు” అన్నారు. అందరూ దాన్ని దుఃఖం కింద జమకట్టారు. నేనూ అంతే అనుకున్నాను. రాత్రి తీరిగ్గా కొలతలు తీస్తే, ఆవిడ చెప్పినది అక్షరాలా నిజమని తేలింది.

రెండు కనుపాపల మధ్య దూరం 63 మిల్లీమీటర్లు. 80 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ముఖాన్ని చూడాలంటే ఒక్కొక్క కన్ను ముక్కు వైపు సుమారు 2.25 డిగ్రీలు తిరగాలి. నేను రెండు కళ్లనూ ఒకే కడ్డీకి తగిలించి ఒకే సర్వోతో తిప్పాను కనుక అవి ఎప్పుడూ సమాంతరంగానే ఉండేవి, అంటే ఎప్పుడూ ఆకాశపు అంచుల్ని చూస్తుండేవి. రెండు డిగ్రీలు కంటికి ఆనతాయా అని మనం అనుకుంటాం. మనిషి చూపు ఎటుందో పసిగట్టడంలో మనకున్న నేర్పు ముందు రెండు డిగ్రీలు చాలా ఎక్కువ.

ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటి సర్వో పెట్టాను. ఇక్కడ ఒక లెక్క ఉంది. సర్వోకు ఎంత తిరగాలో చెప్పేది దానికి పంపే విద్యుత్ సంకేతం నిడివి. మామూలు చిన్న సర్వో ఆ నిడివిలో 10 మైక్రోసెకన్ల లోపు మార్పును పట్టించుకోదు, అది దాదాపు ఒక డిగ్రీకి సమానం. ఆ సంకేతాలు పంపే పీసీఏ9685 బోర్డు ఇచ్చే ఒక్కొక్క మెట్టు 4.9 మైక్రోసెకన్లు, అంటే అర డిగ్రీకి కొంచెం తక్కువ. రెండు డిగ్రీల కోణాన్ని ఒక డిగ్రీ తప్పుతో పట్టడం గుడ్డి లెక్క. కన్ను ఎటూ 20 డిగ్రీలకు మించి తిరగనక్కరలేదు కనుక, సర్వో 3 డిగ్రీలు తిరిగితే కన్ను ఒక డిగ్రీ తిరిగేలా మీటల పొడవు మార్చాను. తప్పు మూడో వంతుకు తగ్గింది. ఖరీదైన మోటారు కొనే ముందు ఎవరైనా ఈ మీట మార్పు చేసి చూడాలని నా సలహా.

రెండవ తప్పు వేగంలో ఉంది. మెడ నెమ్మదిగా తిరిగితే మనిషిలా ఉంటుందని తెలుసు కనుక కళ్లను కూడా నెమ్మదిగా తిప్పాను. మనిషి కన్ను, కదిలే వస్తువును అనుసరించేటప్పుడు తప్ప, అలా జారదు. ఒక చోటి నుంచి మరొక చోటికి గెంతుతుంది. జారే కళ్లతో మా పెద్దాయన కల్లు తాగినవాడిలా ఉన్నాడు, ఆయన జన్మలో తాగలేదట. చిన్న సర్వో నిజానికి ఆ గెంతుకు సరిపడా వేగంగా తిరగగలదు, దానికి కళ్లెం వేసింది నా ప్రోగ్రామే. ఇప్పుడు ముందు కన్ను గెంతుతుంది, కాసేపాగి మెడ వెంట వస్తుంది, మెడ వస్తున్నంతసేపూ కన్ను ఆ మేరకు వెనక్కి తిరిగి చూపును ఒకే చోట నిలుపుతుంది.

మామ్మగారు మళ్లీ వచ్చారు. ఈసారి నిలబడి చాలాసేపు చూశారు. “ఇప్పుడు నన్నే చూస్తన్నాడు. మరి ఈయనెప్పుడు ఇలా చూశాడు? మగ్గం ముందు కూకున్నోడు తలెత్తి పెళ్లాన్ని చూస్తాడేటి? గుడ్డనే చూసేవోడు.”

చూపు గుడ్డ మీదికి

ఈ మాటతో బొమ్మ మొత్తం మారిపోయింది. తల 25 డిగ్రీలు వంచి, చూపును 45 సెంటీమీటర్ల దూరంలో బల్ల మీదున్న చీర అంచు మీద నిలిపాను. ఆ దూరానికి ఒక్కొక్క కన్ను 4 డిగ్రీలు లోపలికి తిరగాలి, అది ఎప్పుడూ ఒకే దూరం కనుక ఒకసారి సరిచేస్తే చాలు. చూపు దించితే పై రెప్ప కూడా వెంట దిగుతుంది కనుక కంటి తెలుపు చాలా వరకు దాగిపోయింది. చూసేవారి కళ్లు బొమ్మ ముఖం మీద ఆగకుండా, బొమ్మ దేన్ని చూస్తోందో దాని మీదికి పోతున్నాయి. దుకాణానికి కావలసినది కూడా అదే కదా. బరంపురం పట్టు అంచులో గుడి గోపురాల్లాంటి ఫోడా కుంభ నేత ఉంటుంది. చీర బీరువాలో మడతపెట్టి ఉంటే దాన్ని అడిగి చూసేవారు తక్కువ. పెద్దాయన చూస్తున్న అంచును ఇప్పుడు అందరూ వంగి చూస్తున్నారు.

కుడి చెయ్యి అంచు మీద ఆనుతుంది, మణికట్టు కొద్దిగా కదులుతుంది, వేళ్లు అంచును తడుముతాయి. మొదట ఆ చేతికి సిలికోన్ తొడుగు వేశాను. అచ్చు కొడుకు చేతిదే. వేళ్ల తీరు తండ్రిదేనని ఇంట్లో అందరూ అన్నారు. ఆ తొడుగు రెండు విధాలుగా విఫలమైంది. కణుపుల దగ్గర చిరిగింది, ఆపైన మెత్తని సిలికోన్‌కు పట్టు నూగు అంటుకుని సాయంత్రానికి చెయ్యి ఎలుగుబంటి చెయ్యిలా తయారైంది. టాల్కం పౌడరు అద్దితే ఒక పూట ఆగింది. చివరకు తలుపుల నగిషీ చెక్కే వడ్రంగికి కొడుకు చేతి ప్లాస్టర్ నమూనా ఇచ్చి టేకుతో చెయ్యి చెక్కించాను. వేళ్లు కణుపు కణుపుకూ కీలుతో, కీలుబొమ్మ చెయ్యిలాగే కనిపిస్తుంది. నున్నగా పాలిషు చేశాక పట్టుపోగు దానికి తగులుకోదు.

ఇది నూగు బాధ తప్పించుకోవడానికి చేసిన పని, కానీ దాని ఫలితం నేను ఊహించనిది. జపాను రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లో రాసిన వ్యాసంలో, బొమ్మకు మనిషి పోలిక పెరిగేకొద్దీ ఇష్టం పెరిగి, దాదాపు మనిషే అనిపించే చోట ఒక్కసారిగా ఏవగింపులోకి పడిపోతుందనీ, కదలిక ఉంటే ఆ లోయ ఇంకా లోతవుతుందనీ చెప్పాడు. అదే వ్యాసంలో, మనిషి చర్మాన్ని అనుకరించే కృత్రిమ హస్తానికి బదులుగా బుద్ధ విగ్రహాలు చెక్కే శిల్పి చేసిన కొయ్య చేతిని ఉదాహరణగా చూపించాడు. నేను ఆ వ్యాసం ముందే చదివాను, చదివి కూడా సిలికోన్ తొడుగే వేశాను. నూగు అంటుకోకపోతే కొయ్య చెయ్యి జోలికి పోయేవాణ్ణి కాదు. దుకాణంలో మొదటి 9 రోజులు కౌంటరు పక్కన కూర్చుని గమనించాను. లోపలికి వచ్చినవారు ముఖం చూసి ఒక క్షణం ఆగుతున్నారు, తరువాత చెయ్యి చూసి ‘ఓహో, బొమ్మే’ అని ముఖం విప్పుకుంటున్నారు. సిలికోన్ చేతితో షెడ్డులో చూసిన పిల్లలు ముగ్గురిలో ఇద్దరు ఏడ్చారు. కొయ్య చేతిని దుకాణంలో పిల్లలు పట్టుకుని ఊపుతున్నారు. ఇది పరిశోధన కాదు, నా కళ్లతో చూసినది మాత్రమే.

ఛాతీ లోపల ఒక సర్వో, ఊపిరి పీలుస్తున్నట్టు, మీట ఆధారంగా లాల్చీని 6 మిల్లీమీటర్లు ఎత్తి దించుతుంది, నిమిషానికి 14 సార్లు. కూర్చుని ఉన్న మనిషి రెప్పలు మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు వాలతాయి, ఏకాగ్రతతో చూసేటప్పుడు బాగా తగ్గుతాయి. అందుకని 7 సార్లకు తగ్గించి, వ్యవధులు సమానంగా లేకుండా చేశాను. సమాన వ్యవధిలో వాలే రెప్ప గడియారంలా అనిపిస్తుంది.

ఊఁ

మాటలు తీసేశాక యజమాని నిరాశపడ్డారు. “మూగబొమ్మకు ఇంత డబ్బా అన్నయ్యా?” అన్నారు. మన వాళ్లు కథ చెప్పేటప్పుడు వినేవాడు ఊఁ కొట్టకపోతే చెప్పేవాడు ఆగిపోతాడు. ఊఁ అనడానికి నోరు తెరవనక్కరలేదు, పెదవులు కలిసే ఉంటాయి, మీసం ఎలాగూ కప్పింది. భాషల తేడా లేదు. ఒడియావారికీ అర్థమవుతుంది, హిందీవారికీ అర్థమవుతుంది. నెట్ అక్కరలేదు, దుకాణంలో ఎవరి మాటలూ రికార్డు కావు.

యంత్రం చాలా సాదా. ఒక మీటరు లోపు మనిషి ఉన్నాడని దూరమాపక సెన్సారు చెప్పాలి, మైకులో మాట శబ్దం ఒక సెకనుకు మించి వినిపించాలి, తరువాత 0.6 సెకను నిశ్శబ్దం రావాలి. అప్పుడు తల 5 డిగ్రీలు ఊగి ఊఁ వస్తుంది. ప్రతిసారీ కాదు, మూడింట రెండుసార్లు. ఊఁలు నాలుగు రకాలు: చిన్నది, సాగేది, చివర కొద్దిగా లేచేది, నిట్టూర్పులాంటిది. నాలుగూ పెద్దాయన తమ్ముడు పలికినవే, ఆయనే ఇష్టపడి ఇచ్చారు. స్పీకరును నోట్లో కాకుండా ఛాతీలో పెట్టడం అన్నిటికంటే మంచి నిర్ణయం. ఊఁ అనేది గుండెల్లోంచి వచ్చినట్టే వినిపించాలి. బొమ్మలో మొదట 15 సర్వోలుండేవి, ఇప్పుడు 12 ఉన్నాయి: కళ్లకు 3, రెప్పలకు 4, మెడకు 2, ఛాతీ, మణికట్టు, వేళ్లకు ఒక్కొక్కటి. కదలిక లేనప్పుడు మోటార్లకు సంకేతం ఆపేస్తాను, లేకపోతే ఈగల గుంపులా రొద చేస్తాయి. మోటార్లకూ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకూ విద్యుత్తు సరఫరాలు వేరుగా పెట్టకపోతే, నాలుగు మోటార్లు ఒక్కసారి కదిలినప్పుడల్లా కంప్యూటరు ఆగి మళ్లీ మొదలయ్యేది. ఆ సంగతి కనిపెట్టడానికి ఒక వారం పోయింది.

దుకాణంలో వచ్చిన ఇబ్బందులు

మొదటి శుక్రవారమే ఎవరో నుదుట పసుపు, కుంకుమ పెట్టారు. కుంకుమ తుడిస్తే పోయింది, పసుపు సిలికోన్‌లోకి ఇంకిపోయింది, తుడిచినా వదలలేదు. ఇప్పుడు నుదుటికి విడిగా తీయగలిగే పలుచని సిలికోన్ బిళ్ల ఉంది, మాసిపోతే మారుస్తాం. దండ వేయబోయినవారిని మామ్మగారు ఆపారు. ఫోటోకు దండ వేస్తాం గాని ఊపిరి పీల్చేదానికి ఎలా వేస్తామన్నది ఆవిడ ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. కొందరు కాళ్లకు మొక్కారు, ఒకరు పళ్లెంలో 10 రూపాయలు వేశారు. పళ్లెం తీయించేశాం. యాత్ర రోజుల్లో వీధిలో డప్పుల హోరుకు బొమ్మ ఆగకుండా ఊఁ కొడుతూ ఉండేది, ఆ రోజులన్నీ మైకు ఆపి ఉంచాం.

సామగ్రికి మొత్తం 1,46,000 రూపాయలు అయింది. అందులో చేతులకు, నోటికి, పాడైన సిలికోన్‌కు పోయిన 52,000 రూపాయలు నా తప్పుల ఖరీదు, అందులో సగం నేనే భరించాను. ఎడమ పై రెప్ప సర్వో ఇప్పటికి రెండుసార్లు మార్చాను. ఇక్కడి సముద్రపు గాలికి దాని మీట దగ్గరి మర తుప్పు పడుతోందని అనుమానించి స్టెయిన్‌లెస్ మర వేశాను, ప్రస్తుతానికి నడుస్తోంది.

బొమ్మ పెట్టిన మూడవ వారంలో మామ్మగారు కబురు పంపారు. సాయంత్రం బేరాలు తగ్గాక ఆవిడ వచ్చి బల్లకు ఇవతల కూర్చుంటున్నారని కొడుకు చెప్పారు. ఏమైనా పాడైందా అని అడిగాను. ఆవిడ, “పాడవలేదు నాయనా. ఈయన శానా బేగి ఊఁ అనేత్తన్నాడు. ఆయన అలాగనేవోడు కాదు. చెప్పిందంతా విని, దారం పోగు సరిచేసుకుని, అప్పుడనేవోడు” అన్నారు. 2009లో 10 భాషల సంభాషణలను కొలిచిన పరిశోధనలో ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామం సగటున 200 మిల్లీసెకన్లని తేలిందని నేను చదువుకుని, 0.6 సెకనే ఆలస్యమవుతుందేమోనని బెంగపడుతూ ఉన్నాను. ఆవిడను కూర్చోబెట్టి మాట్లాడించి, విరామాన్ని కొంచెం కొంచెం పెంచుతూ పోయాను. 1.8 సెకన్ల దగ్గర ఆవిడ చెయ్యెత్తి ఆపమన్నారు.

ఆ విరామంతో పగటి పూట కొనుగోలుదారులు బొమ్మ చెడిపోయిందనుకుని వెళ్లిపోతున్నారు. అందుకని కౌంటరు కింద ఒక స్విచ్చు పెట్టాను. పైకి నొక్కితే 0.6, కిందికి నొక్కితే 1.8. ఏడు గంటలకు షట్టరు సగం దించేటప్పుడు కొడుకు దాన్ని కిందికి నొక్కుతారు.